ఆకుపచ్చ టిక్కుల పుస్తకం

మా ల్యాబులో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. అందరికీ ఆమె దోమక్క. సూది ఎప్పుడు గుచ్చిందో, రక్తం ఎప్పుడు తీసిందో తెలియకుండా పని కానిచ్చేస్తుందని ఎవరో రోగి పెట్టిన పేరది. "దోమ కుట్టాక దురదైనా పెడుతుంది, ఈవిడతో అదీ లేదు" అన్నాడట. ఆ పేరు వింటే ఆమెకు మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైంది. చివరికి ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే తనను కాదనుకుని అలాగే కూర్చునేది.

ఆమె పక్క బల్ల దగ్గర నేను పదకొండేళ్లు పనిచేశాను. నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను పిరికిదాన్ని. నోరు మాత్రం పెద్దది. సూపరింటెండెంటు గారిని ఆయన లేనప్పుడు నేను తిట్టినంత గట్టిగా ఆసుపత్రిలో ఎవరూ తిట్టి ఉండరు.

మా పని ఎలా సాగేదో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. రక్తం తీయడం, పరీక్ష చేయడం, ఫలితాన్ని కంప్యూటర్లో ఎక్కించడం మా వంతు. కానీ ఆ రిపోర్టు రోగి చేతికి వెళ్లాలంటే డాక్టరు గారు తన పేరుతో, తన పాస్‌వర్డ్‌తో కంప్యూటర్ తెరిచి, చూసి, 'విడుదల' అన్న చోట నొక్కాలి. అది రూలు. మా పెద్ద డాక్టరు గారు మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఎంతటి జబ్బైనా ఆయన కంట పడకుండా తప్పించుకునేది కాదు. అదే కంప్యూటర్ ముందు కూర్చోబెడితే ఒక్కో అక్షరం కోసం ఒక్కో వేలితో వెతుక్కునేవారు. కంప్యూటర్లు వచ్చిన మూడో రోజుకే రిపోర్టులు గుట్టలు పడ్డాయి. రోగులు కిటికీ దగ్గర కేకలు మొదలుపెట్టారు.

"అమ్మాయ్, నేను పుస్తకంలో టిక్కు పెడతాను. నువ్వు అక్కడ నొక్కెయ్" అని పాస్‌వర్డ్ రాసిన చీటీ ఒకటి దోమక్క చేతిలో పెట్టారాయన. ఆమె దాన్ని స్లైడ్ల పెట్టె మూతకు లోపలి వైపున అంటించింది.

అలా మొదలైంది ఆ పుస్తకం. పొడుగాటి రూళ్ల పుస్తకం, ఒకటి నిండితే ఇంకొకటి. రోగి నంబరు, పేరు, పరీక్ష, ఫలితం, వాటి చివర ఆకుపచ్చ సిరాతో డాక్టరు గారి టిక్కు. అనుమానం వస్తే టిక్కు బదులు సున్నా చుట్టేవారు. సున్నా పడితే దోమక్క మళ్లీ మొదటి నుంచి పరీక్ష చేయాల్సిందే. టిక్కు లేకుండా ఆమె ఒక్క రిపోర్టు కూడా వదల్లేదు. ఒకసారి ఆపరేషన్ల డాక్టరు ఒకాయన తొందర మీద వచ్చి గుమ్మంలో నిలబడి అరిచాడు. "టిక్కు పడలేదు సార్. మీరే కాదు, మీ తాతగారు దిగొచ్చినా ఇవ్వను" అంది ఆమె తల కూడా ఎత్తకుండా. ఆయన నోరు మూసుకుని వెళ్లిపోయాడు. ఆ పూటంతా నేను ఆమెకు టీలు మోశాను.

ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. మూతకున్న చీటీ అందరం చూశాం, గోడ గడియారాన్ని చూసినట్టు. అది నేరమని ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత పెద్ద డాక్టరు గారు రిటైరయ్యారు. ఆయన చోట రావాల్సినాయన రాలేదు. సూపరింటెండెంటు గారు ల్యాబు గుమ్మం దాకా వచ్చి, లోపల అడుగు పెట్టకుండానే, "కొత్తాయన వచ్చేదాకా ఎలాగోలా నడిపించండమ్మా" అని చల్లగా జారుకున్నారు. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు.

ఎలాగోలా అంటే ఎలా? మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగాక దోమక్క ఆ పుస్తకాన్నీ, స్లైడ్ల పెట్టెనూ కూరగాయల సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. డాక్టరు గారి ఇల్లు మూడో స్టాపులోనే. ఆయన కిటికీ పక్కన తన పాత మైక్రోస్కోపు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టేవారు. మర్నాడు పొద్దున ఆమె వచ్చి ఆయన పేరుతో కంప్యూటర్ తెరిచి, టిక్కు పడినవి విడుదల చేసేది. అంతసేపు ఆగలేని వాటిని పక్క ఆసుపత్రికి పంపేది. అలా నలభై రోజులు నడిపింది. బస్సు టిక్కెట్టు డబ్బులు కూడా ఎవరినీ అడగలేదు.

ఆ నలభై రోజుల్లో మూడు రోజులు ఆమెకు కంటి ఆపరేషన్. ఆ మూడు రోజులూ సంచి నేను మోశాను. పుస్తకంలో నా చేత్తో రాశాను. విడుదల నా వేలితో నొక్కాను. డాక్టరు గారి భార్య ఇచ్చిన టీ తాగి, కప్పు కడిగి మరీ వచ్చాను.

కొత్త డాక్టరు చేరిన రెండు వారాలకు, ఒక సోమవారం పొద్దున కంప్యూటర్లు వేస్తే అన్నింటి మీదా ఒకటే ఎర్ర అక్షరాలు. మీ ఫైళ్లకు తాళం వేశాం, తీయాలంటే డబ్బు పంపండి అని. ఎవడో ఎక్కడో కూర్చుని మా ఆసుపత్రి మొత్తానికి గొళ్లెం పెట్టేశాడు. పదకొండు గంటలకల్లా సైబర్ పోలీసులు వచ్చారు. వాళ్లకు పెద్ద ఒక అధికారి. గొంతు పెంచడు. కుర్చీ చూపించి, "నీళ్లు తాగుతారా?" అని అడుగుతాడు. ఆ మాట వింటే నిజంగానే నోట్లో తడారిపోయేది.

ఫైళ్లన్నీ పోయాయి గానీ, ఎవరు ఎప్పుడు కంప్యూటర్ తెరిచారన్న చిట్టా వేరే చోట భద్రంగా ఉందట. మా అదృష్టం అలా ఉంది. అధికారి ఆ చిట్టా పట్టుకుని ల్యాబులోకి వచ్చాడు.

"పెద్ద డాక్టరు గారు రిటైరయ్యాక నలభై రోజుల్లో ఆయన పేరుతో పద్దెనిమిది వందల ముప్పై ఆరు రిపోర్టులు విడుదలయ్యాయి. ఎవరు చేశారు?"

దోమక్క బళ్లో పిల్లలా చెయ్యెత్తింది.

"నేనండీ."

ఆమె పక్కనే నిలబడి ఉన్నాను నేను. అన్నీ ఆమె కాదు, అందులో నూట ఇరవై దాకా నావి. నోరు తెరిచాను. తెరిచి, తుమ్ము వచ్చినట్టు నటించి మళ్లీ మూసుకున్నాను.

తర్వాత ఆమెను పక్కకు లాగి, "అలా టక్కున ఒప్పేసుకున్నావేంటక్కా?" అంటే, "వాళ్ల టైము వృథా ఎందుకే? అసలు దొంగను పట్టుకోవాలి కదా" అంది. తనను సాక్షి అనుకుంటోంది ఆమె.

వారం తర్వాత అసలు సంగతి బయటపడింది. దొంగ వచ్చింది మా సూపరింటెండెంటు గారి కంప్యూటర్ లోంచే. 'మీ పార్సిలు దారిలో ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి' అని ఉత్తరం వస్తే, ఏ పార్సిలూ తెప్పించుకోని మనిషి టక్కున నొక్కేశారు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆయన నొక్కింది పొరపాటు అయింది, దోమక్క నొక్కింది నేరం అయింది.

"దొంగ ఏ కిటికీ లోంచి వచ్చాడన్నది వేరే సంగతమ్మా" అని అధికారి ఆమెకు నిదానంగా చెప్పాడు. "మీరు ఇంకొకరి పాస్‌వర్డ్ వాడారు. ఆయన రిటైరయ్యాక కూడా వాడారు. చట్టంలో అది విడిగా నేరం. మోసం చేసే ఉద్దేశంతో చేశారని తేలితే మూడేళ్ల దాకా జైలు. ఉద్దేశం లేదని తేలితే అంత ఉండదు. తేల్చుకోవాల్సింది అదే."

"నా పని నేను చేశానండీ. ఇందులో నేను దొంగిలించిందేంటి?"

"పేరు. డాక్టరు గారి పేరు."

ఆ మాటకు ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఆరేళ్లు ఎవరెవరి రక్తమో తీసిన మనిషి, తన చేతి వేళ్ల వైపు చూసుకుంటూ కూర్చుంది. "నీళ్లు తాగుతారా?" అన్నాడాయన. తాగింది.

విచారణ తేలేదాకా కంప్యూటర్ ముట్టుకోవద్దనీ, రక్తం మాత్రం తీయవచ్చనీ ఆసుపత్రి వాళ్లు చెప్పారు. అదే తప్పు చేశారు వాళ్లు. నాలుగో రోజు ఒక ముసలాయన చెయ్యి చాపి కూర్చున్నాడు. ఆమె సూది గుచ్చింది. "అబ్బా!" అన్నాడు. ఆ గదిలో ఆమె చేతి కింద ఆ మాట నేను అదే మొదటిసారి వినడం. ఆమె సూది తీసి, దూది అదిమి పెట్టి, "తప్పైపోయింది బాబాయ్" అంది. రెండో చేతికి నన్ను గుచ్చమంది. ఆ రోజు నుంచి రోజుకు ఇద్దరు ముగ్గురు అబ్బా అనడం, నేను లేచి వెళ్లడం మామూలైపోయింది.

ఇంట్లోనూ అంతే. ఆమె భర్త టైలరు. నేను బావా అని పిలుస్తాను. మాటకారి. "జైలు బట్టలు వదులుగా ఉంటాయంట. ముందే కొలతలు తీసుకుని పెట్టుకుంటా" అని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. ఆయన మిషను తొక్కుతూ ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమ వైపువే కుట్టాడు. నేను చూపిస్తే గానీ గమనించలేదు.

ఇదంతా ఒక ఎత్తు, పుస్తకం ఇంకో ఎత్తు. మోసం ఉద్దేశం లేదని చూపించడానికి ఆమె దగ్గరున్నది అదొక్కటే. ప్రతి రిపోర్టునూ డాక్టరు చూశాకే వదిలిందని ఆ ఆకుపచ్చ టిక్కులు సాక్ష్యం చెబుతాయి. "ఇంకేం అక్కా, తీసుకెళ్లి ఆ అధికారి బల్ల మీద పడెయ్" అన్నాను నేను ఎగిరి గంతేసినంత పని చేసి. నా చేతిరాత అందులో ఉందన్న సంగతి అప్పటికి మర్చిపోయాను.

ఆసుపత్రి లాయరు నీళ్లు చల్లాడు. రోగుల పేర్లు, జబ్బులు రాసిన పుస్తకాన్ని ఆసుపత్రి దాటించి, ఉద్యోగంలో లేని మనిషికి చూపించడం ఇంకో నేరమట. పుస్తకం ఇస్తే మొదటి కేసులోంచి బయటపడి రెండో దాంట్లో పడుతుంది. డాక్టరు గారినీ లాగినట్టవుతుంది. పుస్తకం చేరవేసిన వాళ్లందరినీ లాగినట్టవుతుంది. ఈ చివరి మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

సూపరింటెండెంటు గారు ఇంకాస్త ముందుకెళ్లారు. "ఆ పాత పుస్తకమేదో ఉందంటగా. పాత కాగితాలకు చెదలు పడుతుంటాయి, ఒక్కోసారి చెత్తలో కలిసిపోతుంటాయి..." అని కిటికీ వైపు చూస్తూ అన్నారు. ఎలాగోలా నడిపించమన్నారు కదా సార్ అని ఆమె గుర్తు చేస్తే, "నడిపించమన్నానమ్మా, ఇలా నడిపించమన్నానా?" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ముఖం మీద అడిగేద్దామనుకున్నాను. ఎప్పటిలాగే, ఆయన వెళ్లిపోయాక అడిగాను.

పుస్తకం బావ కుట్టుమిషను కింది అరలో, పాత గుడ్డముక్కల మధ్య ఉంది.

"డాక్టరు గారిని ఒక మాట అడగాలే. ఆయన పేరు కదా" అంది దోమక్క. ఇద్దరం వెళ్లాం. ఆయన భార్య తలుపు సగం తీసి, "ఆయనకు ఒంట్లో బాగాలేదమ్మా, పడుకున్నారు" అంది. నలభై రోజులు టీ ఇచ్చిన మనిషి, లోపలికి రమ్మనలేదు. గుమ్మం పక్కన ఆయన చెప్పులున్నాయి. లోపల కిటికీ దగ్గర్నుంచి దగ్గు వినపడింది. ఆ దగ్గు మా ఇద్దరికీ బాగా తెలుసు.

"సరేనమ్మా. లేచాక వచ్చామని చెప్పండి" అంది దోమక్క. బస్సు స్టాపులో, "పాపం, భయపడ్డారే. మనకు లేదా భయం?" అంది. నేనైతే ఆయన్ను దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. ఆయన చేసిందే నేనూ చేస్తున్నానని తెలుసు కాబట్టి ఇంకా గట్టిగా తిట్టాను.

ఆ వారమే అధికారి నుంచి కబురు వచ్చింది. గురువారం పదింటికి వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. పుస్తకం ఇవ్వకూడదని దాదాపు నిర్ణయానికొచ్చింది ఆమె. "నా ఒక్కదానితో పోతుంది. మూడేళ్లంటే మూడేళ్లే. ఆయన్నెందుకు, నిన్నెందుకు ముంచడం?" అంది. ఆ 'నిన్నెందుకు' విని నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు కూడా వేసింది. ప్రాణం లేచి రావడమే ముందు జరిగింది.

బుధవారం పొద్దున ల్యాబు కిటికీ దగ్గరకు ఒకావిడ వచ్చింది. గోడలకు రంగులు వేసే మేస్త్రీ భార్య. చేతిలో మడతలు పడి నలిగిపోయిన రిపోర్టు. కింద పెద్ద డాక్టరు గారి పేరు అచ్చయి ఉంది.

"అమ్మా, ఈ రిపోర్టు డాక్టరు గారు చూసి ఇచ్చిందా, చూడకుండా ఇచ్చిందా?" అని అడిగింది.

విషయం ఇదీ. కేసు సంగతి తెలిశాక, ఆ నలభై రోజుల రిపోర్టులేవీ చెల్లవని ఆసుపత్రి చెప్పేసింది. అన్నింటినీ కొత్త డాక్టరు మళ్లీ చూడాలి. రోజువారీ పని మీద ఆయన ఎన్ని చూడగలడు? వరుసలో ఈమె భర్తది రావడానికి ఇంకో నెల పడుతుందట. రక్తంలో చెడ్డ జబ్బు ఉందని ఆ రిపోర్టు. మొదటి విడత మందు ఎక్కించారు. రెండో విడత ఆపేశారు. ఎవరూ చూడని రిపోర్టు మీద అంత ఘాటు మందు ఎక్కించలేమన్నారు. పన్నెండు రోజులుగా ఆ మనిషి మంచం మీద ఊరికే పడున్నాడు.

"చూశారో లేదో ఒక్కరూ చెప్పట్లేదమ్మా. ఆ గదిలో అడగమంటారు, ఈ గదిలో అడగమంటారు. మీరే చేశారంట కదా. మీకు తెలిసుంటుంది కదా" అంది.

లాయరు ఏమీ మాట్లాడొద్దన్నాడు. "రేపు చెబుతానమ్మా" అంది దోమక్క. ఆవిడ వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చుంది. రేపటి దాకా అక్కడే కూర్చునేటట్టుంది.

ఆ సాయంత్రం దోమక్క నన్ను ఇంటికి రమ్మంది. పుస్తకం తీసి మంచం మీద పెట్టి ఉంది.

"ఇచ్చేస్తున్నానే. పద్దెనిమిది వందల మంది అలా బెంచీల మీద కూర్చుంటే నేను ఏ జైల్లో ఉన్నా నాకు నిద్ర పట్టదు" అంది. బావ గుడ్డలు కత్తిరించే కత్తెర అందుకుని, నేను చూస్తుండగానే మూడు కాగితాలు కుట్టు దాకా జాగ్రత్తగా కత్తిరించింది. నేను రాసిన మూడు రోజులవి. మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇవి నీవి. కాల్చుకుంటావో, ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఆ మూడు రోజులూ నేనే వచ్చానంటాను."

"కంటికి కట్టు కట్టుకునా?"

"ఒక కన్ను చాలులే, నొక్కడానికి."

నేను వద్దనలేదు. ఇది రాయడానికే నాకు సిగ్గుగా ఉంది. తీసుకుని, సంచిలో పెట్టుకుని, బస్సెక్కాను. సీటు దొరికింది. ఊరికే ఒకసారి చూసి, ఇంటికెళ్లి పొయ్యిలో పెడదామని తీశాను. రెండో కాగితంలో, పై నుంచి తొమ్మిదో వరుసలో, నా చేతిరాతలో మేస్త్రీ పేరు ఉంది. చివర ఆకుపచ్చ టిక్కు. దాని పక్కన సన్నని అక్షరాలతో డాక్టరు గారు రాసిన మాట: 'రెండుసార్లు చూశాను.' ఆ రోజు ఆయన ఆ స్లైడు దగ్గర చాలాసేపు ఆగిపోవడం నాకు గుర్తొచ్చింది. అప్పుడు నేను బస్సు తప్పిపోతుందని గడియారం చూసుకున్నాను.

దోమక్కకు ఇది తెలియదు. పొద్దున ఆమె పుస్తకం ఇస్తుంది. అందరికీ జవాబు దొరుకుతుంది, బెంచీ మీదున్న ఆవిడకు తప్ప. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయి రెండు స్టాపుల అవతల దిగాను.

గురువారం పదింటికి అధికారి గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక నీళ్ల సీసా. నేను తోడు వచ్చానన్నట్టు గోడ పక్కన కూర్చున్నాను. దోమక్క పుస్తకం బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అధికారి ఒక్కో పేజీ తిప్పాడు. ఒకచోట ఆగి, కుట్టు దగ్గర వేలితో తడిమాడు.

"ఇక్కడ మూడు కాగితాలు లేవు. ఆ మూడు రోజులు మీరు సెలవులో ఉన్నట్టు ఆసుపత్రి రికార్డులో ఉంది. కంటి ఆపరేషన్."

"సెలవులోనే వచ్చానండీ. కాగితాలు... చిరిగిపోయాయి."

"చిరగలేదమ్మా. కత్తిరించారు." ఆయన గొంతు పెంచలేదు. "సాక్ష్యం మాయం చేయడం ఇంకో నేరం. తెలుసా? నీళ్లు తాగుతారా?"

దోమక్క గ్లాసు అందుకుంది. నీళ్లు బల్ల మీద ఒలికాయి. ఎవరికీ నొప్పి తెలియనివ్వని ఆ చెయ్యి అలా వణకడం చూసి నేను లేచాను. లేచానని లేచాక తెలిసింది. సంచిలోంచి కాగితాలు తీసి ఆ తడి పక్కన పెట్టాను.

"చేతిరాత నాదండీ. ఆ మూడు రోజులూ నేనే. కత్తిరించింది కూడా నా కోసమే."

"పిచ్చిమొహమా, కూర్చో!" అంది దోమక్క. నన్ను ఆమె అంత గట్టిగా ఎప్పుడూ కసరలేదు. నేను కూర్చున్నాను.

అధికారి ఆ కాగితాలను పుస్తకంలో కుట్టు దగ్గర ఆనించి చూశాడు. తర్వాత ఫోను తీసి పెద్ద డాక్టరు గారిని పిలిపించాడు. గంటలో వచ్చారాయన, భార్య చెయ్యి పట్టుకుని. చొక్కా జేబులో అదే ఆకుపచ్చ సిరా పెన్ను. పుస్తకం ముందు పెట్టగానే కళ్లజోడు సర్దుకుని, మైక్రోస్కోపులో చూసినంత సేపు చూశారు.

"నావే. ఒక్కటి కూడా చూడకుండా పెట్టలేదు" అన్నారు. తర్వాత దోమక్క వైపు తిరిగారు. "ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను అమ్మాయ్. మీరొచ్చినప్పుడు."

"తెలుసు సార్. దగ్గారు" అంది ఆమె.

అధికారి రాసుకున్నాడు. మోసం ఉద్దేశం కనపడటం లేదని రాస్తానన్నాడు. పాస్‌వర్డ్ ఇవ్వడం, వాడటం, పుస్తకం బయటికి తీసుకెళ్లడం, కాగితాలు కత్తిరించడం మాత్రం రాయక తప్పదన్నాడు. ముగ్గురి పేర్లూ రాశాడు. మిగతాది కోర్టు చూసుకుంటుందన్నాడు. జైలు ఉండదని చెప్పలేదు, ఉంటుందనీ చెప్పలేదు. ఉద్యోగాల సంగతి అడగడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

"మా సంగతి తర్వాత తేల్చండి సార్" అంది దోమక్క లేస్తూ. "ముందు ఈ రెండో కాగితం జిరాక్సు ఒకటి ఇప్పించండి. అవతల మనిషి కూర్చుని ఉంది."

జిరాక్సు మీద అధికారి ముద్ర వేశాడు. డాక్టరు గారు కింద సంతకం చేశారు, ఆకుపచ్చ సిరాతోనే.

మేం ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. జిరాక్సు చూపించి, వైద్యం చేసే డాక్టరుతో మాట్లాడి, ఆయన సరేననేసరికి ఇంకో అరగంట. మందు ఈ రోజే మొదలుపెడతామన్నాడు. వరండాలో ఆవిడ అదే బెంచీ మీద ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

నాకు ఒక రకంగా గర్వంగా ఉంది. దాచడం దేనికి? జీవితంలో మొదటిసారి మనిషి ఎదురుగా ఉండగా నోరు విప్పాను. ఉద్యోగం పోతే పోయింది, ఈవిడకు మంచి కబురు తెచ్చాను అనుకున్నాను. అందుకే దోమక్క కంటే ముందు నేనే చెప్పాను.

"చూశారమ్మా. డాక్టరు గారు చూసే ఇచ్చారు. రెండుసార్లు చూశారు. రాసి కూడా పెట్టారు."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా బెంచీ మీద కూర్చుండిపోయింది.

"చూడలేదేమో అనుకున్నాను" అంది. "ఈ పన్నెండు రోజులూ... ఎవరూ చూడకుండా ఇచ్చేశారేమో, అదంతా తప్పేమో, ఆయనకు ఏ జబ్బూ లేదేమో అనుకుంటూ కూర్చున్నానమ్మా."

అంత పెద్ద నోరూ ఒక్కసారిగా ఎండిపోయింది. దోమక్క నన్ను పక్కకు జరిపి, ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. మందు ఈ రోజే ఎక్కిస్తారని, ఆలస్యం కాకపోవడమే ఇప్పుడు మనకు కావాల్సిందని నెమ్మదిగా చెప్పింది.

లోపల్నుంచి నర్సు మేస్త్రీ పేరు పిలిచింది. ముగ్గురం లోపలికి నడిచాం.